ఖాకీ దుస్తులా, గగనయానమా?

కూచిపూడినుండి ఒక సోదరి వ్రాసిన జాబు పది దినములుగా మా బల్లమీద నున్నది. వెంటనే బదులు వ్రాయనందుకు ఆమె మమ్ము మన్నింపవలెను. ఆమె అడిగినది ఒక ఇంటి ప్రశ్నయే. కాని అట్టి ప్రశ్న నేడు పెక్కు ఇండ్లలో పుట్టుచున్నందున, ఆమె అనుమతితో ఈ పుటలోనే బదులు చెప్పుచున్నాము.

వారిది వ్యవసాయ కుటుంబము. నాలుగెకరముల మాగాణి కలదు. పెద్దమ్మాయి పెండ్లికి లోగడ ఒక ఎకరము అమ్మగా మిగిలినది ఇది. చిన్నమ్మాయి ఈ ఏడు ఇంటర్మీడియెట్టు గణిత, భౌతిక, రసాయన శాస్త్రములతో ముగించినది. మేనమామను సాగనంపుటకు గన్నవరము విమానాశ్రయమునకు పోయిన నాటినుండి తాను విమానము నడపవలెనని ఆమె పట్టు. తండ్రికి మాత్రము ఆమె పోలీసు ఉద్యోగమున చేరవలెనని కోరిక. ప్రభుత్వపు కొలువు, పొలము అమ్మనక్కరలేదు, నలుగురిలో గౌరవము. అమ్మాయికి అదియు ఇష్టము లేకపోలేదు. కాలేజీలో ఎన్.సి.సి.లో ఉండి, పరుగుపందెములలో బహుమతులు తెచ్చుకొన్న పిల్ల. ఇక నాయనమ్మగారు, "ఒకటి దొంగల వెంట, ఒకటి గాలి వెంట, ఆడపిల్లకు ఈ రెండును ఏల?" అని అడుగుచున్నారట.

సోదరి తన జాబును ఇట్లు ముగించినారు: "పొలము అమ్మి పంపిన పిదప అది కాకపోయిన ఏమి చేయుదుము? అమ్మకుండ ఆపి, రేపు నా బిడ్డ 'నీవే నన్ను ఆపితివి' అనిన నేనేమి చేయుదును?"

ఈ రెండు భయములును న్యాయమైనవే. అందుచేత ఏది గొప్పది, ఏది తక్కువ అను వాదములోనికి మేము పోము. ఏ దారి ఏమి అడుగును, ఎప్పుడు అడుగును అనుదానినే విచారింతము.

మొదట నాయనమ్మగారికి ఒక మాట. ఆమె కాపురమున్నది కూచిపూడిలో. ఆ ఊరి భాగవతులు తరతరములుగా పురుషులే భామావేషము కట్టి జడ వేసికొని ఆడినారు. ఆ వేషమునకే పేరొందిన వేదాంతం సత్యనారాయణ శర్మగారికి 1970లో పద్మశ్రీ బిరుదము లభించినది. అప్పట్లో స్త్రీ రంగమెక్కుట ఆ ఊరి సంప్రదాయమున లేదు. పిమ్మట వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రిగారి వంటి గురువులు ఆడపిల్లలకు నేర్పిరి. ఆ ఊరివారే యైన వెంపటి చినసత్యంగారు 1963లో మద్రాసున కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించి ఎందరో యువతులకు శిక్షణ నిచ్చిరి. నేడు లోకమున కూచిపూడి ఆడువారిలో స్త్రీలే ఎక్కువ. దానివలన ఆ కళకు లోపము కలుగలేదు. మగవారు సత్యభామ వేషము కట్టుటను వందల ఏండ్లు మెచ్చుకొన్న ఊరిలో ఆడపిల్ల ఖాకీ దుస్తులు కట్టుట వింత కానక్కరలేదు.

ఇక విమానపు మాట. మన దేశమున స్త్రీలు విమానము నడపుట నిన్న మొన్నటిది కాదు. 1936లో లాహోరున సరళా తుక్రాల్ అను 21 ఏండ్ల యువతి, ఒక చిన్న బిడ్డకు తల్లి, చీర కట్టుకొని ఒంటరిగా చిన్న విమానము నడపి లైసెన్సు పొందినది. కొలది ఏండ్లకు భర్త విమాన ప్రమాదమున మరణింపగా, పిదప యుద్ధము రాగా, వైమానిక ఉద్యోగమునకు కావలసిన శిక్షణ ఆమెకు సాగలేదు. తరువాత ప్రేమ్ మాథుర్ అను యువతి వైమానికురాలి లైసెన్సు పొంది ఉద్యోగము కోరగా, ఆడది నడపిన ప్రయాణికులు ఎక్కరని పలు కంపెనీలు కాదన్నవి. ఆమెకు చోటిచ్చినది మన తెలుగునేలమీద, హైదరాబాదు కేంద్రముగా నడచిన దక్కన్ ఎయిర్‌వేస్ సంస్థ. 1966లో దుర్బా బెనర్జీ ఇండియన్ ఎయిర్‌లైన్సులో ప్రథమ మహిళా పైలట్ అయినది. 1985లో సౌదామినీ దేశ్‌ముఖ్ నాయకత్వమున కలకత్తానుండి సిల్చారునకు పోయిన విమానమున సిబ్బంది అందరును స్త్రీలే. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కోనుండి బెంగుళూరునకు ఉత్తరధ్రువము మీదుగా వచ్చిన విమానమును జోయా అగర్వాల్ నాయకత్వమున నడపిన నలువురును స్త్రీలు. వారిలో తన్మయి పాపగారి ఒకరు.

మరింత దగ్గరి ఉదాహరణము విజయవాడలో కలదు. ఆనీ దివ్య పఠాన్‌కోటలో జన్మించి, తండ్రి సైన్యమునుండి విరమించిన పిదప విజయవాడలో పెరిగినది. పదునేడవ ఏట ఉత్తరప్రదేశమునందలి ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీలో చేరినది. మొదట ఇంగ్లీషు మాటలాడుటకే చాల శ్రమపడితినని ఆమె తానే చెప్పినది. పందొమ్మిదవ ఏట ఎయిర్ ఇండియాలో ప్రవేశించి, 2017లో ముప్పది ఏండ్ల వయసున బోయింగ్ 777 వంటి మహావిమానమునకు కమాండరైనది. నేడు మన దేశపు పైలట్లలో నూటికి 15 మంది ప్రాంతము స్త్రీలు. ప్రపంచమున సగటు అందులో మూడవ వంతు మాత్రమే. కాబట్టి "ఆడపిల్లకు సాధ్యమా" అను ప్రశ్నకు బదులు వచ్చియే యున్నది. మిగిలినది "మన ఇంటికి సాధ్యమా" అను ప్రశ్న.

దానికి లెక్క చూడవలెను. వాణిజ్య పైలట్ లైసెన్సునకు కనీసము 18 ఏండ్లు నిండవలెను. ఇంటర్మీడియెట్టులో భౌతిక, గణిత శాస్త్రములు చదివియుండవలెనని ఇన్నాళ్ళుగా కోరుచు వచ్చినారు. చిరంజీవికి అది కలదు. వాయుమార్గ నిర్ణయము, వాతావరణ శాస్త్రము, విమానయాన నిబంధనలు, యంత్ర విషయములు - ఇందు వ్రాతపరీక్షలు కలవు. రేడియోలో సంభాషించుటకు వేరొక పరీక్ష. వీనితో పాటు 200 గంటలు విమానము నడపియుండవలెను; అందు 100 గంటలు తానే అధినేత్రియై నడపినవి కావలెను. ఈ చదువునకు నేడు అర్ధకోటి రూపాయల ప్రాంతము వ్యయమగుచున్నది. అంతటితో ముగియదు. ఏ రకపు పెద్ద విమానమును నడపవలెనో దానికై వేరుగా శిక్షణ పొందవలెను. దానికి మరికొన్ని లక్షలు. అన్నియు అయిన పిమ్మట లైసెన్సు చేతికి వచ్చును గాని ఉద్యోగము దానితో పాటు రాదు. లైసెన్సు చేతబట్టుకొని ఏండ్ల తరబడి ఎదురుచూచిన పిల్లలును కలరు. ఈ వ్యాపారమున సంస్థలు పెరుగుటయు పడిపోవుటయు మన కన్నుల యెదుటనే జరిగినది. కింగ్‌ఫిషర్ 2012లోను, జెట్ ఎయిర్‌వేస్ 2019లోను, గో ఫస్ట్ 2023లోను విమానములు నిలిపివేసినవి. వాని పైలట్లు ఒక్కమారుగా వీధిన పడిరి.

ఇంకొక సంగతి తల్లులకు తరచు తెలియనిది. పైలట్ జీవనోపాధి ఆమె ఆరోగ్యముతో ముడిపడియున్నది. ప్రథమశ్రేణి వైద్య పరీక్షలో నెగ్గినగాని వాణిజ్య విమానము నడపరాదు. పిదప ఏటేట ఆ పరీక్షకు నిలువవలెను. కంటి అద్దములు ఉన్నంత మాత్రమున దారి మూసికొనదు; అద్దములతో చూపు సరిపోయిన చాలును. రంగులు గుర్తింపలేకపోవుట, మూర్ఛ, కొన్ని గుండె వ్యాధులు ఉన్నచో కష్టము. వ్యోమయానమునకు ఇంకను కఠిన నియమములు కలవు. తెనాలి, గుంటూరు మూలములుగల బండ్ల శిరీష చిన్ననాట వ్యోమగామి కావలెనని కలగన్నది. కంటిచూపు అడ్డురాగా ఇంజనీరు విద్య నభ్యసించి, వేరొక దారిన 2021 జూలై 11న అంతరిక్షపు టంచును చూచి వచ్చినది. కల నెరవేరుటకు ఒక్కటే ద్వారము ఉండదని ఆమె కథ చెప్పును. ఏ ద్వారము మూసియున్నదో ముందుగా తెలిసికొనిన మేలనియు అదే కథ చెప్పును.

దినచర్య ఎట్లుండును? పైలట్ విమానము నడపు గంటలు ఏడాదికి వేయికి మించరాదని నియమము. వారపు విరామమును 36 గంటలనుండి 48 గంటలకు పెంచుచు 2024లో క్రొత్త నిబంధనలు వెలువడెను. అలసట ప్రమాదమునకు తల్లి యని ఈ వృత్తి ఒప్పుకొన్నది. ఆ విరామము ఇంటనే దొరకునను నమ్మకము మాత్రము లేదు. తెల్లవారుజామున మూడు గంటలకు లేచుట, పండుగనాడు పరాయి ఊరి హోటలులో ఉండుట, పగలు నిద్రించుట అలవాటు చేసికొనవలెను. గర్భవతియైన పిదప కొన్ని మాసములు విమానము నడపుటకు వైద్య నియమములు ఒప్పుకొనవు. 2017నుండి చట్టము 26 వారముల ప్రసూతి సెలవు ఇచ్చుచున్నది. నేలమీద ఉన్న తక్కిన మాసములలో జీతము ఎట్లుండునో ఉద్యోగమున చేరునప్పుడే అడిగి తెలిసికొనవలెను.

నాయనమ్మగారి మనసున ఉన్న భయమును దాటవేయుట మాకు ఇష్టము లేదు. 2025 జూన్ 12న అహమ్మదాబాదున కూలిన విమానములోని 242 మందిలో ఒక్కరే బ్రతికిరి. అది మరపురాని దుఃఖము. అయినను లెక్క చూచినవారు విమాన ప్రయాణమును రోడ్డు ప్రయాణముకంటె క్షేమమైనదిగానే చెప్పుచున్నారు. మనవరాలు మోటారు సైకిలు వెనుక కూర్చుండి బందరు రోడ్డున పోవునప్పుడు పడవలసిన భయము ఆమె విమానమున కూర్చున్నప్పుడు పడనక్కరలేదు.

ఇక పోలీసు శాఖ. 1972లో కిరణ్ బేడీ ఐ.పి.ఎస్.లో చేరిన తొలి మహిళ. 1979లో ఆ కొలువునకు ఎన్నికైన అరుణా బహుగుణ ఆంధ్రప్రదేశమున పనిచేసి, 2014లో హైదరాబాదునందలి జాతీయ పోలీసు అకాడమీకి ప్రథమ మహిళా డైరెక్టరైనది. అదే ఏడు హైదరాబాదున ఆడపిల్లలను వేధించువారిని పట్టుకొనుటకు షీ టీములు బయలుదేరినవి. ఇంత జరిగినను 2022 నాటికి దేశపు పోలీసులలో స్త్రీలు నూటికి 12 మంది కూడ లేరు. మూడవవంతు ఉండవలెనని కేంద్ర ప్రభుత్వము రాష్ట్రములకు పలుమార్లు వ్రాసినది.

ఈ కొరతవలన నష్టపోవునది ఎవరు? స్టేషను మెట్లెక్కుటకు సంకోచించు మన వంటి స్త్రీలే. చట్టము స్వయముగా మహిళా అధికారిణిని కోరుచున్నది. 2024 జూలై 1నుండి అమలునకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారము సూర్యాస్తమయము పిదప, సూర్యోదయమునకు పూర్వము స్త్రీని అరెస్టు చేయరాదు. తప్పని అసాధారణ పరిస్థితిలో మహిళా పోలీసు అధికారి మేజిస్ట్రేటుకు వ్రాతపూర్వకముగా తెలిపి, అనుమతి పొంది చేయవలెను. మానభంగము వంటి నేరములకు గురియైన స్త్రీ చెప్పు మాటను మహిళా అధికారిణియే వ్రాసికొనవలెను. పాత చట్టమునందును ఇట్టి నియమములే యుండెను. కాని స్టేషనులో మహిళా అధికారిణి లేనిచో ఆ నియమము కాగితముమీదనే నిలుచును. ఒక పల్లెనుండి వచ్చిన వధువు తన అత్తింటి బాధ చెప్పుకొనుటకు నోరు పెగలక నిలిచినప్పుడు, ఎదుట కుర్చీలో తన అక్కవంటి మనిషి కనబడుట ఎంతటి మేలో మేము చెప్పనక్కరలేదు. విమానము ఎవరు నడపినను గమ్యము చేరవచ్చును. ఈ పని మాత్రము స్త్రీయే చేయవలసినది.

ఈ శాఖకు నాలుగు ద్వారములు కలవు. ఇంటర్మీడియెట్టుతో కానిస్టేబులు, డిగ్రీతో సబ్-ఇన్‌స్పెక్టరు, రాష్ట్ర పబ్లిక్ సర్వీసు కమీషను వారి గ్రూప్-1 పరీక్షద్వారా డి.యస్.పి., యూనియన్ పబ్లిక్ సర్వీసు కమీషను వారి పరీక్షద్వారా ఐ.పి.ఎస్. ఆంధ్రప్రదేశమున కానిస్టేబులుగా చేరగోరు స్త్రీకి 152.5 సెంటీమీటర్ల ఎత్తు, 40 కిలోల బరువు తక్కువ కాకుండ ఉండవలెను. 1600 మీటర్ల పరుగు, 100 మీటర్ల పరుగు, లాంగ్ జంప్ పరీక్షలు కలవు. ఐ.పి.ఎస్.నకు స్త్రీల ఎత్తు 150 సెంటీమీటర్లు చాలును. రుసుము స్వల్పము. శిక్షణకాలమున డబ్బు మనము కట్టనక్కరలేదు, వారే ఇత్తురు.

అట్లైన ఇది ఖర్చు లేని దారియా? కాదు. ఇది పొలమును అడుగదు, ఏండ్లను అడుగును. 2022 నవంబరులో ఆంధ్రప్రదేశమున 6,100 కానిస్టేబులు ఉద్యోగములకు ప్రకటన వెలువడెను. తుది ఫలితములు వచ్చినది 2025 ఆగస్టులో. ఆ మధ్యకాలమంతయు పిల్లలు పుస్తకము విడువలేక, వేరు పనిలో స్థిరపడలేక, తెల్లవారి లేచి మైదానమున పరుగెత్తుచు గడపినారు. పెండ్లి సంబంధములు వచ్చినప్పుడు "ఉద్యోగము రానిమ్ము" అనుచు తల్లులు నెట్టుకొని వచ్చినారు. ఐ.పి.ఎస్. పరీక్షకు లక్షలమంది వ్రాయగా నెగ్గువారు కొలది మంది. అందుచేత "పోలీసైన ఖర్చు లేదు" అను తండ్రిగారి లెక్కలో ఈ ఏండ్లను కూడ కలుపుకొనవలెను.

ఉద్యోగము వచ్చిన పిదప దినచర్య సులభము కాదు. 2019లో వెలువడిన ఒక దేశవ్యాప్త పరిశీలనలో పోలీసులు సగటున దినమునకు 14 గంటలు పనిచేయుచున్నారని తేలెను. ఆ ఏడే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పోలీసులకు వారపు సెలవును ప్రకటించినది. అయినను తిరునాళ్ళు, ఎన్నికలు, తుపానులు వచ్చినప్పుడు సెలవు మాట ఎవరును ఎత్తరు. 1977 నవంబరు 19నాటి ఉప్పెనను ఎరిగిన దివిసీమవారికి వేరుగా చెప్పనేల? నేడు తుపాను హెచ్చరిక రాగానే సముద్రపు టొడ్డు పల్లెలను ఖాళీ చేయింపవలసినవారిలో పోలీసులు ముందుందురు. అందరును తమ ఇండ్లకు పరుగెత్తునప్పుడు ఆమె తన ఇంటిని విడిచి బయలుదేరవలెను. చెరువులో పడిన శవమును, కాలిన శరీరమును, దెబ్బలు తిన్న పసిబిడ్డను చూచి, చూచినది తప్పు లేకుండ వ్రాసి, మరునాడు న్యాయస్థానమున ఆ వ్రాతకు నిలువవలెను. పైవారి ఆజ్ఞ ఒకవైపు, స్థానిక పెద్దల సిఫారసు ఇంకొకవైపు లాగునప్పుడు చట్టమును పట్టుకొని నిలుచుట చిన్న ధైర్యము కాదు.

కాబట్టి రెండు వృత్తులును ధైర్యమునే కోరుచున్నవి గాని ఆ ధైర్యము ఒక రకపుది కాదు. పైలట్ ధైర్యము నియమమునకు లోబడిన ధైర్యము. ప్రతి ప్రయాణమునకు ముందు, వేయవమారైనను, పట్టిక చదివి ఒక్కొక్క మీట సరిచూచుకొనవలెను. వాతావరణము బాగులేనిచో, వెనుక నూర్గురు ప్రయాణికులు విసుగుకొన్నను, దిగను అని మరలిపోవలెను. పోలీసు ధైర్యము మనుష్యుల మధ్య నిలుచు ధైర్యము. ఎదుట ఏడ్చువాడు నిజము చెప్పుచున్నాడో లేదో క్షణమున తేల్చుకొనవలెను. కోపము వచ్చినను చేయి ఎత్తరాదు. ఒకదానిలో యంత్రముతో కాపురము, ఇంకొకదానిలో జనముతో కాపురము.

ఈ భేదము అమ్మాయికి తెలియునా? చాలమంది పిల్లలు ఈ రెండు వృత్తులను దుస్తులను చూచియే కోరుకొందురు. భుజముమీది బంగారు చారలు, టోపీ, నలువురు లేచి నిలుచుట! ఆ దుస్తులు ధరించిన పిదప వచ్చు సామాన్యపు మంగళవారమునాడు ఏమి చేయవలసియుండునో ఎరుగరు. కావున సోదరి తన బిడ్డను "నీవు ఏమి కావలెను?" అని అడుగుట మాని, "ఏ పనిని విసుగు లేకుండ ప్రతిదినము చేయగలవు?" అని అడుగవలెను. గణితపు లెక్క తప్పినప్పుడు రాత్రి పన్నెండువరకు కూర్చుండి ఆ తప్పును వెదకు పిల్లయా? వీధిలో ఇద్దరు తగవులాడునప్పుడు మధ్యకు పోయి సర్దుబాటు చేయు పిల్లయా? ఈ సంగతి ఏ సలహాదారుకంటెను తల్లికి బాగుగా తెలియును.

ఈ రెండు దారులకు నడుమ మూడవది యొకటి కలదు. ఆ జాబులో దాని ప్రస్తావన లేదు. పొలము అమ్మకుండ విమానము నేర్చుట భారత వాయుసేనలో సాధ్యము. అక్కడ నేర్పుటయే గాక జీతమును ఇత్తురు. 2021లో సుప్రీంకోర్టు ఉత్తరువుతో జాతీయ రక్షణ అకాడమీ ద్వారములు స్త్రీలకు తెరువబడినవి. 2022లో చేరిన మొదటి జట్టులోని 17 మంది యువతులు 2025 మే మాసమున శిక్షణ ముగించుకొని వెలువడినారు. యుద్ధ విమానములను నడపుటకు సహితము 2016లోనే ముగ్గురు యువతులు నియమింపబడిరి. ఆ అకాడమీలో చేరుటకు పదునారున్నర, పందొమ్మిదిన్నర ఏండ్ల మధ్య వయసు ఉండవలెను. ఎన్.సి.సి.లో ఉన్న పిల్లకు ఇది దూరపు మాట కాదు. అది తప్పినను డిగ్రీ పిదప వాయుసేన వారి వేరొక పరీక్ష కలదు. కాని అది సైన్యము. సేవాకాలపు నిబంధనలకు లోబడవలెను. ఇష్టమైనప్పుడు విడిచి వచ్చునది కాదు.

ఇప్పుడు మా సలహా. దీనిలో ముఖ్యమైనది వరుస. ఏది ముందు, ఏది వెనుక అనునది తెలిసిన, సోదరి అడిగిన రెండు భయములలో సగము తీరును.

మొదటిది: పొలము మాట ఎత్తకముందే అమ్మాయికి వైద్య పరీక్ష చేయింపవలెను. పౌర విమానయాన శాఖవారు గుర్తించిన వైద్యులయొద్ద మొదట రెండవశ్రేణి పరీక్ష, పిదప మొదటిశ్రేణి పరీక్ష. దీనికి అగు వ్యయము కొన్ని వేలు మాత్రమే. ఫలితము ప్రతికూలమైన, ఎకరములు మిగులును, ఏండ్లును మిగులును. మూడు లక్షల బయానా కట్టిన పిదప కంటిలో దోషమున్నదని తెలిసికొన్న కుటుంబమును మేమెరుగుదుము.

రెండవది: వయసు ఇంకను చాలినంత ఉన్నప్పుడే రక్షణ అకాడమీ పరీక్ష వ్రాయింపవలెను. పోయినను నష్టము లేదు. చదివిన గణితము ఎక్కడికిని పోదు.

మూడవది: ఏ దారికి పోయినను డిగ్రీ చదువు నిలుపరాదు. పోలీసు శాఖలో సబ్-ఇన్‌స్పెక్టరునుండి పై ద్వారము లన్నియు డిగ్రీ పిదపనే తెరచుకొనును. ఐ.పి.ఎస్.నకు సాధారణముగా 32 ఏండ్లవరకు వ్రాయవచ్చును. అనగా విమానపు దారి ముందు పరీక్షించి, కానిచో పోలీసు దారికి మరలుటకు వ్యవధి కలదు. దూరవిద్యలోనైనను డిగ్రీ ముగించుకొన్న పైలట్‌కు, సంస్థ మూతబడిన నాడు, కాలు మోపుటకు ఒక నేల యుండును.

నాలుగవది: డబ్బు. నాలుగెకరములలో రెండు అమ్మి, మిగిలినదానికి అప్పు చేయుదమను ఆలోచన ఉన్నట్లు జాబువలన తెలియుచున్నది. అప్పునకు ముందు బ్యాంకువారిని విచారింపవలెను. పెద్ద విద్యారుణమునకు తాకట్టు అడుగుదురు. వ్యవసాయ భూమిని అన్ని బ్యాంకులును తాకట్టుగా ఒప్పుకొనవు. ఉద్యోగము రెండేండ్లు ఆలస్యమైన వడ్డీ ఎవరు కట్టుదురో కాగితముమీద వ్రాసి చూచుకొనవలెను. ఆ రెండేండ్లు మిగిలిన పొలముమీద వచ్చు పంటతో కుటుంబము అన్నము తిని, వడ్డీయు కట్టగలిగిననే అడుగు వేయుడు. కడపటి ఎకరమును మాత్రము ఏ కలకును ఒడ్డరాదు. డబ్బంతయు ముందే కట్టుమను శిక్షణాలయమును నమ్మరాదు. అక్కడ ఎన్ని విమానములు ఎగురుచున్నవో, 200 గంటలు పూర్తిచేయుటకు పిల్లలకు ఎన్ని మాసములు పట్టుచున్నదో అక్కడ చదువుచున్నవారినే అడుగవలెను.

ఇక తండ్రిగారితో ఒక మాట. పెద్దమ్మాయి పెండ్లికి ఎకరము అమ్మినప్పుడు అది తిరిగి వచ్చునా అని ఎవరును అడిగియుండరు. చిన్నమ్మాయి చదువునకు అనగానే లాభనష్టముల లెక్క వచ్చినది. లెక్క చూచుట తప్పు కాదు. పైన మేమును చూచితిమి. కాని రెండింటికి ఒకే త్రాసు ఉండవలెను. అమ్మాయి చదువునకు పెట్టిన సొమ్మును రేపు పెండ్లి మాటలలో "కట్నమునకు బదులు" అని చెప్పుటయు కూడదు. చదువు ఆమెది. పెండ్లి వేరు మాట.

చిరంజీవితోను ఒక మాట. పొలము అమ్మవలసి వచ్చిన దారిని నీవు ఎన్నుకొన్న, ఆ పొలము ఎవరి చెమటయో మరువరాదు. పోలీసు దారిని ఎన్నుకొన్న, అది తండ్రి చెప్పినాడని గాక, స్టేషను గుమ్మమున నిలిచిన ఆ పల్లె వధువుకొరకు ఎన్నుకొనుము. ఎవరి మాటమీదనో చేరిన ఉద్యోగము మూడవ ఏటికే బరువగును.

సోదరి అడిగిన ప్రశ్నకు ఒక్క మాటలో బదులు కోరిన, ఇట్లు చెప్పుదుము. అమ్మాయి మనసు విమానముమీదనే ఉన్నదని ఆమె జాబులోని ప్రతి పంక్తియు చెప్పుచున్నది. కనుక ఆ ద్వారమునే ముందు తట్టి చూడుడు. అయితే పొలముతో కాదు, వైద్య పరీక్షతో, ప్రవేశ పరీక్షతో తట్టుడు. తెరచుకొన్న, పైన చెప్పిన హద్దులలో సాగనిండు. తెరచుకొననిచో పోలీసు దారి ఆమెకై కాచుకొనియున్నది. అప్పుడు అది ఓటమి కాదు. ఇంకొకరికి అండయగు పని. ఏది జరిగినను, తల్లి తన్ను ఆపినదని గాని, తనకొరకు ఇంటిని కూల్చినదని గాని బిడ్డ అనుటకు చోటుండదు.

వైద్య పరీక్షకు ఏ దినము నిర్ణయమైనదో, ఫలితమేమో మాకు తప్పక వ్రాయుడు. ఆ ఫలితము చూచిన పిదప నాయనమ్మగారు ఏమన్నారో కూడ వ్రాయుడు. ఆ మాట వినవలెనని మాకును కుతూహలముగా నున్నది.